జీవి పేరు తెలిసిన తర్వాత రండి

విషానికి విరుగుడును మానవజాతి కనిపెట్టింది. ఆ విరుగుడు దగ్గరికి వెళ్ళే దారిని మావారు కనిపెట్టారు. రెండూ నేటికీ చక్కగా పనిచేస్తున్నాయి. ఒకదానికొకటి ఎదురుపడవు, అంతే.

మావారి మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే అనుకునేరు. (మిగతావి అత్తయ్యగారి కంటపడే చోట రాయను.) ఆయనకు చెడ్డ అలవాట్లు లేవు. తాగరు, పేకాడరు, గట్టిగా మాట్లాడరు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం వరుస. మా ఇంట్లో స్నానాలగది ఒకటి, మనుషులం ముగ్గురం. ఆ ముగ్గురికీ వరుస వేసి తలుపు పక్కన కాగితం అంటించారు. పెద్దావిడ కదా, అత్తయ్యగారిని ముందు వెళ్ళనివ్వండి అన్నాను ఒకసారి. పెద్దతనం అనేది ఎవరికి వారు చెప్పుకుంటే సరిపోదన్నారు.

"ఒరేయ్, నేను నీకంటే పెద్దదాన్నని నీకు కాగితం కావాలా?" అని అడిగారు అత్తయ్యగారు, భుజాన తువ్వాలుతో.

"ఉంటే మంచిదే కదమ్మా," అన్నారీయన, నమ్రతగా.

ఇలాంటి మనిషికి ప్రపంచంలో ఒకే ఉద్యోగం ఉంటుంది. అది ఆయనకే దొరికింది. పెద్దాసుపత్రిలో ఆయన వరుసక్రమ పర్యవేక్షణాధికారి. రోగి గేటు దగ్గర అడుగుపెట్టినప్పటి నుంచి డాక్టరు గది గడప దాకా ఆయన పరిధి. గడప దాటాక ఏమైనా జరిగితే అది వైద్యశాస్త్రం.

పూర్వం ఆ ఆసుపత్రిలో పరిస్థితి చాలా అనాగరికంగా ఉండేదట. పాము కరిచినవాడిని నలుగురు మోసుకొచ్చేవారు, తిన్నగా లోపలికి తీసుకుపోయేవారు, డాక్టరు ఒకసారి చూసి ఇంజెక్షన్ ఇచ్చేసేవారు. మనిషి బతికేవాడు. కాగితం మీద ఏమీ మిగిలేది కాదు. ఒక ఏడాది ఆడిట్ వాళ్ళు వచ్చి ఒక చిన్న ప్రశ్న వేశారు: "ఇంజెక్షన్లు ఖర్చయ్యాయి, సరే. కరిచిందెవరు?" డాక్టర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఎవరు కరుస్తున్నారో కూడా తెలుసుకోకుండా వైద్యం చేస్తున్నారన్న సంగతి బయటపడి కార్యాలయం అట్టుడికిపోయింది.

అప్పుడు మావారు మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఎన్నో ఆదివారాలు ధారపోసి, 'కాటు, కుట్టు, మింగుడు: అత్యవసర సేవల వరుసక్రమ నిబంధనలు' రాశారు. కరిచినవాటికి ఒక కౌంటరు, కుట్టినవాటికి ఒక కౌంటరు, పొరపాటునో గ్రహపాటునో మింగినవాటికి ఒక కౌంటరు. అందులో 'అత్యవసరం' అన్న మాటకు ఆయన ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ పై కార్యాలయాల్లో చెప్పుకుంటారు: "వరుసలో నిలబడలేని స్థితి. దీనిని వరుసలో నిలబడి నిరూపించుకోవలెను."

ఇక అసలు నిబంధన. కరిచిన లేదా కుట్టిన జీవిని హాజరుపరచాలి, లేదా దాని పేరు ఖచ్చితంగా చెప్పాలి. మింగినవారు మింగిన పదార్థం తాలూకు అసలు డబ్బా తేవాలి. ఇవేవీ లేకపోతే టోకెన్ లేదు. టోకెన్ లేకపోతే డాక్టరు లేరు. (డాక్టరు ఉంటారు. ఎదురుగా అద్దంలోంచి కనిపిస్తూనే ఉంటారు.)

మొదటి ఏడాదే ఫలితం వచ్చింది. పాముకాటు కేసులు సగానికి సగం తగ్గాయి. పాములు మానలేదు. జనమే గేటు దగ్గర మానుకున్నారు. అదనపు సంచాలకులవారు స్వయంగా వచ్చి మావారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. అది మా ముందుగదిలో గడియారం కింద ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు టైము చూడబోయి దాన్ని చదివి వెళ్తుంటారు.

ఈ విధానం వల్ల చిన్న ఉపాధి కూడా పుట్టింది. ఆసుపత్రి గేటు పక్కన పళ్ళబండివాడు, వచ్చిపోయేవాళ్ళ అవస్థ చూసి మనసు కరిగి, గాజుసీసాలో మందునీళ్ళు పోసి ఒక చచ్చిన కట్లపామును పెట్టుకున్నాడు. పాము దొరకనివాళ్ళు దాన్ని అద్దెకు తీసుకెళ్ళి కౌంటర్లో చూపించి తిరిగి ఇచ్చేయవచ్చు. దీని పర్యవసానంగా, రికార్డుల ప్రకారం, ఊళ్ళో జరుగుతున్న పాముకాట్లన్నీ ఒకే పాము పని అని తేలింది. దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ పాము ఒకే మధ్యాహ్నం ఊరి రెండు చివర్లలోనూ కరిచినట్టు బయటపడడంతో ఉపసంఘానికి వాహనం కూడా మంజూరయింది.

ఈ పళ్ళబండి సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఒక్క మావారికి తప్ప. ఆయన తన నిబంధనను నమ్మేవారు.

ఇలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనకు పాతపేపర్లను తేదీలవారీగా సర్దాలని బుద్ధి పుట్టింది. పెరటివైపు సామాన్లగదిలోకి వెళ్ళారు. నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటున్నాను. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినంత మామూలుగా, "ఏదో గుచ్చుకున్నట్టుంది," అన్నారు.

కుడిచెయ్యి చూపించారు. బొటనవేలి మొదట్లో, స్టేప్లర్ పిన్ను దిగి వచ్చేసినట్టు రెండు చుక్కలు. నా చేతిలో గిన్నె సింకులోకి జారింది.

"ఏం కరిచిందండీ?"

"చూడలేదు. పేపర్ల వెనక చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది, చల్లగా ఉంది. వెళ్ళిపోయింది."

అత్తయ్యగారు పక్కగదిలోంచి వచ్చి, చెయ్యి చూసి, తువ్వాలును తాడులా మెలిపెట్టారు.

"బిగించి కట్టకూడదు అత్తయ్యా, చెయ్యే పోతుందట. ఆసుపత్రి బయటి గోడమీద రాసుంది."

"పోతే చెయ్యే కదమ్మాయ్ పోయేది."

"చెయ్యీ ఉండాలి, మనిషీ ఉండాలి. కట్టొద్దు, కొయ్యొద్దు, నోరు పెట్టొద్దు, కదలనివ్వొద్దు."

(ఆ గోడపత్రిక ఆసుపత్రిలో వరుస లేకుండా అందరికీ అందే ఒకే ఒక్క సేవ.) ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాను. వాపు రాకముందే వాచీ, ఉంగరం తీసేశాను. చెయ్యి కదలకుండా ఆయన రూళ్ళకర్రనే ఆనించి వదులుగా గుడ్డ చుట్టాను. తలెత్తేసరికి మనిషి కుర్చీలో లేరు. ఎడంచేత్తో టార్చిలైటూ చెత్తచేటా పట్టుకుని సామాన్లగదివైపు పోతున్నారు.

"ఎక్కడికండీ?"

"అదేమిటో చూసొస్తాను. పేరు కావాలి కదా."

"అడిగితే చెబుతుందా?"

"ఒరేయ్," అన్నారు అత్తయ్యగారు, "ఒకసారి కరిచింది చాలదూ, పరిచయం కూడా కావాలా? రా ఇటు."

టార్చిలైటు ఆవిడ లాక్కున్నారు. వీధి చివర ఆటోను నేను పిలిచాను. దారిలో ఆయన మొహం ఎందుకో వెలిగిపోతోంది. భయమేమో అనుకున్నాను. కాదు. "నువ్వెప్పుడూ మా విభాగం చూడలేదు కదూ," అన్నారు. "పనులు ఎంత సాఫీగా జరుగుతాయో చూద్దువుగాని."

అత్తయ్యగారు కిటికీవైపు తిరిగి, "వీళ్ళ నాన్న ఎంతో నయం," అన్నారు. "ఆయనకి మతిమరుపొక్కటే."

గేటు లోపల మొదట ఒక యంత్రం ఉంటుంది. తెరమీద వేలు పెడితే ప్రశ్నలు అడుగుతుంది. 'మిమ్మల్ని కరిచిందా? కుట్టిందా? మీరే మింగారా?' కరిచింది అన్నాను. 'జీవి పేరు?' అంది. కింద పెద్ద పట్టిక. చిట్టచివర 'తెలియదు' అని ఉంటే నొక్కాను. యంత్రం కొంచెంసేపు ఆలోచించి, ఒక పువ్వు బొమ్మ చూపించి, 'జీవి పేరు తెలిసిన తర్వాత రండి. ధన్యవాదాలు' అంది.

"చూశావా," అన్నారు మావారు, "ఎంత మర్యాదగా చెప్పిందో."

అప్పటికి చెయ్యి మణికట్టు దాకా పొంగింది. నేను తిన్నగా కాట్ల కౌంటరుకు వెళ్ళాను. కౌంటరమ్మాయి మావారిని చూడగానే లేచి నిలబడింది.

"అయ్యో సార్, మీరా. కూర్చోండి సార్, టోకెన్ నేను కొట్టేస్తాను."

"జీవి పేరు ఏమని వేస్తావమ్మా?" అన్నారీయన.

"అందరికీ వేసేదే సార్."

"అందరికీ వేసేదేమిటి?"

ఆ పిల్ల నావైపు చూసింది. నేను పైకప్పువైపు చూశాను. "అదే సార్... పళ్ళబండి దగ్గర సీసాలో ఉంటుంది కదా సార్, కట్లపాము. పాపం చూడనివాళ్ళు దాన్నే చూపిస్తారు సార్."

పాము కరిచినప్పుడు మావారి మొహంలో ఇంత మార్పు రాలేదు. బల్లమీద మెల్లగా కూర్చున్నారు. "అంటే ఆ ఒక్క పామూ..." అని ఆగిపోయారు. తర్వాత గొంతు సవరించుకుని, "నాకు అలాంటి టోకెన్ వద్దు," అన్నారు. "నేను చూడలేదు. చూడలేదనే రాయి."

"చూడలేదని రాస్తే సిస్టమ్ తీసుకోదు సార్. మీరే పెట్టించారు."

"తీసుకోకూడదు మరి," అన్నారు, ఆ అవస్థలోనూ కొంచెం గర్వంగా.

అదే బల్లమీద ఒక మేస్త్రీ ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. లోపల తేలు. బతికున్నదట. బతికున్న జీవికి పచ్చ టోకెన్, చచ్చినదానికి పసుపుపచ్చ టోకెన్. పచ్చది ముందు పిలుస్తారు. మేస్త్రీ మావారి చేతిని ఎగాదిగా చూసి, "మీరేం తేలేదా సార్?" అన్నాడు. "చేతులూపుకుంటూ వచ్చేశారా?"

అతని అవతల ఒక పెద్దాయన, కూతురి భుజం మీద తల వాల్చి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట, నోటి పక్కన చొంగ. ఆ అమ్మాయి చేతిలో కూల్‌డ్రింక్ సీసా. మొక్కలకు కొట్టే పురుగుమందు మిగిలితే ఎవరో అందులో పోసి అలమరలో పెట్టారట. ఆయన దాహం వేసి తాగాడు. సీసా ఆ అమ్మాయి తెచ్చింది. యంత్రం సీసామీది లేబుల్ చూసి, 'కూల్‌డ్రింక్ విషపదార్థం కాదు. ధన్యవాదాలు' అంది. అసలు డబ్బా కోసం అల్లుడు ఇంటికి పరుగెత్తాడు. అసలు డబ్బా ఇంట్లో ఉంటే ఈ సీసాలో ఎందుకు పోస్తారు అన్నాను నేను. "చెత్తకుప్పలో వెతుకుతున్నాడండీ," అంది ఆ అమ్మాయి, తండ్రి నోరు తుడుస్తూ.

నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి అత్తయ్యగారు లేరు. గేటువైపు నుంచి వస్తున్నారు, చంకలో గాజుసీసాతో. సీసాలో కట్లపాము చాలా అలసిపోయినట్టుంది.

"ఇదిగో నాయనా. ఇదే కరిచిందని చెప్పు."

"ఇది నన్ను కరవలేదమ్మా."

"కరిచిందనుకోరా. దాని సొమ్మేం పోయింది, ఎలాగూ చచ్చిందేగా."

"అబద్ధం చెప్పి టోకెన్ తీసుకుంటే ఇక వరుసకి అర్థమేముంది?"

ఆ మాటల్లో 'అర్థం' సరిగా పలకలేదు. నాలుక మందమయింది. ఆయన మొహంలోకి చూశాను. కనురెప్పలు, నిద్ర ముంచుకొస్తున్న పసివాడికిలా, సగానికి వాలి ఉన్నాయి. పైకెత్తాలని నుదురు ముడుస్తున్నారు. రెప్పలు లేవడంలేదు. ఇంతసేపూ నాకు కోపంగా ఉంది. కోపం ఉన్నంతసేపూ చాలా హాయిగా ఉందని అప్పుడు తెలిసింది.

"ఏమండీ, నా మాట వినండి. ఈ ఒక్కసారికి."

"నేనే వరుస తప్పితే," అన్నారు ముద్దముద్దగా, "రేపు ఎవరు నిలబడతారు?"

అద్దం అవతల డాక్టరమ్మ కనిపిస్తూనే ఉంది, మేస్త్రీ కంటే ముందు టోకెన్ వచ్చిన కందిరీగ కేసును చూస్తూ. నేను కౌంటరు బల్ల పట్టుకుని వంగాను. కౌంటరమ్మాయి నాకు మాత్రమే వినపడేలా, "మేడమ్, సార్‌ని పడిపోమనండి," అంది.

"ఏమిటీ?"

"పడిపోయినవాళ్ళకి టోకెన్ అక్కర్లేదు మేడమ్. సార్ రాసిందే."

నిజమే. ఆ నిబంధన రాసిన ఆదివారం నాకు గుర్తుంది, దానికోసం రెండుసార్లు కాఫీ పెట్టాను. 'స్పృహ తప్పి నేలమీద పడినవారు వరుసకు అడ్డం కనుక వారిని వెంటనే లోపలికి తొలగించవలెను. తోడుగా ఒక రక్తసంబంధీకుని అనుమతించవలెను.'

వెళ్ళి ఆయన చెవిలో చెప్పాను. పడిపొమ్మన్నాను. ఆయన వాలిన రెప్పల కిందినుంచి నన్ను చూసిన చూపు, నేను బ్యాంకు దోచుకుందాం రమ్మన్నట్టుంది. "నాకు స్పృహ ఉంది," అన్నారు.

అత్తయ్యగారు ఇదంతా విన్నారు. గాజుసీసా నా చేతికిచ్చారు. చేతిసంచీ నా భుజానికి తగిలించారు. కళ్ళజోడు తీసి, మడిచి, సంచీ ముందు అరలో పెట్టారు. ఆ తర్వాత స్పృహ తప్పారు.

చాలా పద్ధతిగా పడ్డారు. రెండు కౌంటర్లకూ అడ్డంగా, ఏ వరుసా ముందుకు కదలడానికి వీల్లేని చోట. వెంటనే వాచ్‌మన్ ఈల వేశాడు. వీల్‌స్ట్రెచర్ వచ్చింది. ఇద్దరు మనుషులు ఆవిడను ఎత్తి పడుకోబెట్టి, "రక్తసంబంధీకులు ఎవరు?" అని అరిచారు.

"కొడుకు," అన్నాను. "ఇదిగో."

మావారు ఒక్క క్షణం తటపటాయించారు. నిబంధన ఆయనదే. తల్లి ఆయనదే. తోడు వెళ్ళకపోతే నిబంధన ఉల్లంఘన అవుతుంది. లేచారు. స్ట్రెచరు కమ్మీ పట్టుకుని, తూలుతూ, తన జీవితంలో మొదటిసారి వరుస లేకుండా ఆ గడప దాటారు.

రక్తసంబంధం లేదు కనుక నేను బయట ఉండిపోయాను. లోపల జరిగింది అత్తయ్యగారు చెప్పగా విన్నదే. ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్పారు కాబట్టి నిజమే అయ్యుంటుంది.

డాక్టరమ్మ వంగి, "ఏమైందమ్మా?" అనగానే ఈవిడ లేచి కూర్చున్నారట. "నాకేం కాలేదు తల్లీ. వాణ్ణి చూడు." స్ట్రెచరు దిగి, కొడుకును దానిమీద కూర్చోబెట్టారట. డాక్టరమ్మ చెయ్యి చూసింది, రెప్పలు చూసింది.

"ఎప్పుడు కరిచింది?"

"ఏది కరిచిందో తెలియదు," అన్నారట మావారు, ముందే తప్పు ఒప్పుకుంటున్న పిల్లాడిలా.

"నేనడిగింది ఎప్పుడని. ఏదైతే నాకేం? ఇక్కడి విషప్పాములన్నిటికీ నా దగ్గరున్నది ఒకటే మందు."

"మరి పేరెందుకు అడుగుతున్నారు బయట?" అని అడిగారట అత్తయ్యగారు.

"నాకూ తెలియదండీ. ఆ ప్రశ్న పెట్టిన మహానుభావుడెవరో నేనింతవరకూ చూడలేదు." అంటూనే సెలైన్ పెట్టేసిందట. వేలు చూపించి, "ఎన్ని కనిపిస్తున్నాయి?" అంటే మావారు, "వేళ్ళ సంగతి తర్వాత. డాక్టర్లు ఇద్దరున్నారు, ఒకరి వెనక ఒకరు నిలబడమనండి," అన్నారట. అవే ఆ రోజు ఆయన ఆఖరి మాటలు. ఆ తర్వాత ఊపిరి అందలేదు. గొంతులో గొట్టం వేశారు.

బయట నాకు ఇవేవీ తెలియవు. పాముసీసా పట్టుకుని బల్లమీద కూర్చున్నాను. పక్కన పెద్దాయన గొంతులో గురగుర శబ్దం మొదలైంది. ఆ అమ్మాయితో, "మీ నాన్నగారిని కూడా కింద పడుకోబెట్టమ్మా," అన్నాను.

"పడుకోబెట్టానండీ ఇందాక. వాచ్‌మన్ లేపి కూర్చోబెట్టాడు. పడుకోబెడితే పడిపోవడం కిందికి రాదట, ఆయనంతట ఆయన పడాలట."

కౌంటరమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. "నాకు మాత్రం జాలి లేదా మేడమ్? నిబంధన సడలించాలంటే అధికారి సంతకం కావాలి."

"పెట్టించు మరి. ఎవరా అధికారి?"

"సారే మేడమ్."

సంతకం పెట్టే చెయ్యి అద్దం అవతల రూళ్ళకర్రకు కట్టేసి ఉంది. నేను తలుపు బాదాను. "మరొకాయన ఉన్నారమ్మా, పురుగుమందు తాగారు," అని అరిచాను. డాక్టరమ్మ తలెత్తి చూసింది. రెండు చేతులూ మావారి మొహంమీద గాలిసంచీ నొక్కుతున్నాయి. తలతోనే 'తీసుకురండి' అన్నట్టు సైగ చేసింది. వాచ్‌మన్ నా భుజంమీద చెయ్యి వేసి, సైగలు టోకెన్ కిందికి రావన్నాడు. అంతలో ఎవరో వచ్చి, గొట్టం వేసిన మనిషి భార్య సంతకం కావాలని నన్ను పైఅంతస్తుకు తీసుకుపోయారు. (భార్య రక్తసంబంధీకురాలు కాకపోయినా, పోతే బాధ్యత తనదేనని సంతకం పెట్టడానికి అర్హురాలు.)

మావారు బతికారు. గొట్టం తీశారు, రెప్పలు లేచాయి, చెయ్యి ఇంకా లావుగానే ఉంది. మంచంమీద దిండుకు ఆనుకుని కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఎదురుగోడ చూస్తుండేవారు. పక్కమంచాలకు నర్సు మందులు ఇష్టం వచ్చిన వరుసలో ఇస్తున్నా ఏమీ అనలేదు. అత్తయ్యగారికి బెంగ పట్టుకుంది.

ఆ స్థితిలో అదనపు సంచాలకులవారు పూలగుత్తితో విచ్చేశారు. వెనకాల ఫైలు పట్టుకుని కౌంటరమ్మాయి, రౌండ్లకు వచ్చిన డాక్టరమ్మ.

"అభినందనలు," అన్నారు అదనపు సంచాలకులవారు. "తాను రూపొందించిన విధానంలోంచి తానే ప్రాణాలతో బయటపడిన అధికారి మన శాఖలో మీరు మొదటివారు. విధానం ఎంత పటిష్ఠమైనదో దీన్నిబట్టే తెలుస్తోంది."

మావారు ఎదురుగోడనే చూస్తున్నారు.

"ఒక్కటే చిన్న చిక్కు. రికార్డు ప్రకారం లోపలికి వెళ్ళిన రోగి మీ అమ్మగారు. జబ్బు, పడిపోవుట. వైద్యం, పాముమందు. పడిపోయిన పెద్దావిడకు పాముమందు ఎందుకిచ్చారని రేపు ఆడిట్ అడుగుతుంది. కనుక కరిచింది మీ అమ్మగారినే అని రాసి, జీవి పేరు గడిలో మన కట్లపామును వేసేద్దాం. ఏమంటారమ్మా?"

"వాడి ప్రాణం కంటేనా. నన్నే కరిచిందని రాసుకోండి," అన్నారు అత్తయ్యగారు.

మావారు మెల్లగా తల తిప్పి కౌంటరమ్మాయిని చూశారు. "ఆ రోజు బల్లమీద, కూల్‌డ్రింక్ సీసాతో ఒక పెద్దాయన ఉన్నాడు కదూ?"

"ఉన్నారు సార్."

"ఏమయ్యాడు?"

"వాళ్ళల్లుడు చెత్తలోంచి డబ్బా వెతికి తెచ్చాడు సార్. వెంటనే టోకెన్ ఇచ్చాం సార్. నంబరు పిలిస్తే లేవలేదు."

"లేవలేదంటే?"

ఆ పిల్ల ఫైలును గుండెకు హత్తుకుంది. "అప్పటికే పోయారు సార్. సిస్టమ్‌లో దానికి గడి లేదు. గైర్హాజరు వేశాం."

డాక్టరమ్మ మావారినే చూస్తోంది. ఆ ప్రశ్న పెట్టిన మహానుభావుడెవరో ఆవిడకు అప్పుడే అర్థమైనట్టుంది. "ఆ పెద్దాయనకి మందు నా అలమరలోనే ఉంది," అంది.

మావారు దిండు మీదినుంచి ముందుకు జరిగారు. గొట్టం గీసుకున్న గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అయినా గదిలో అందరికీ, చివరి మంచం దాకా, వినపడేలా అన్నారు.

"తప్పు నాది."

"ఏమిటీ?" అన్నారు అదనపు సంచాలకులవారు.

"ఆ నిబంధన రాసింది నేను. అది తప్పు. పేరు అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు, మనిషిని చూస్తే చాలు. ఆయన పోయింది పురుగుమందు వల్ల కాదు. నా వల్ల. అలాగే రాయండి."

అత్తయ్యగారు కొడుకు వీపుమీద చెయ్యి వేశారు. కౌంటరమ్మాయి కలం తీసింది, ఏ గడిలో రాయాలో తెలియక పట్టుకుని నిలబడింది.

అదనపు సంచాలకులవారు పూలగుత్తిని వెనక్కి తీసుకుని, డాక్టరమ్మవైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నారు:

"ఈయనకి విషం ఇంకా దిగినట్టు లేదు. మరో ఇంజెక్షన్ ఇవ్వండి."